మిద్దె గదిలో ఘాట్ సెక్షన్

తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది ఒకటి ఉంది. నాలుగేళ్లుగా ఆ గదిలో నేనొక మోడల్ రైల్వే కడుతున్నాను. అది హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లకు పైగా రావాలి కాబట్టి, ఈ పట్టాల మీద నిలబెట్టిన మన దేశపు రైలు ఏదైనా కాస్త కాళ్లు దగ్గరకు పెట్టుకొని నిలబడినట్టే. ఆ లోపంతో ఏనాడో రాజీపడ్డాను. ఎత్తు దగ్గర మాత్రం రాజీ కుదరలేదు.

నా లేఅవుట్‌కు రెండు అంతస్తులు. నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున రేణిగుంట జంక్షన్‌ను తలచుకొని వేసిన యార్డు ఉంది. 126 సెంటీమీటర్ల ఎత్తున, శేషాచలం కొండల పోలికతో కల్పించుకున్న ఒక చిన్న ఘాట్ స్టేషన్ ఉంది. రెండింటి మధ్య తేడా 36 సెంటీమీటర్లు, మన కొలతలో జానెడున్నర. ఆ జానెడున్నర ఎక్కించడానికి ఒక వాలు దారి, ఒక హెలిక్స్, ఒక లిఫ్టు, వరుసగా మూడూ కట్టాను. రెండింటిని విప్పేశాను. ఈ పని మొదలుపెట్టిన ప్రతివారూ ముందుగా అడిగే ప్రశ్న వాలు ఎంత శాతం ఉండాలన్నది. నేనూ అదే అడిగాను, దానికి జవాబు దొరికాక కూడా నా బండ్లు పడిపోతూనే ఉన్నాయి.

ముందు లెక్క చూద్దాం. మన దేశపు మామూలు లైన్లలో వందకు ఒకటి, అంటే వంద మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు అంటేనే గట్టి వాలు కింద లెక్క. ముంబయి, పుణెల మధ్య భోర్ ఘాట్‌లో 37కు ఒకటి ఉంటుంది, అక్కడ బండి వెనుక బ్యాంకర్ ఇంజన్లు తగిలించి తోయించవలసి వస్తుంది. నా 360 మిల్లీమీటర్లను ఆ భోర్ ఘాట్ వాలుతోనే ఎక్కించాలన్నా 13.3 మీటర్ల పట్టా కావాలి. నా గది నాలుగు గోడల పొడవు మొత్తం కలిపితే ఇంచుమించు అంతే ఉంది, పైగా అందులో తలుపు ఒకటి. పట్టా గోడకు అంటుకొని పోదు, మూలల్లో వంపు తిరగాలి, కాబట్టి నిజంగా చేతికి దొరికేది అంతకంటే తక్కువే. రైల్వేలు ఈ చిక్కును రకరకాలుగా విప్పుకున్నాయి. డార్జిలింగ్ చిన్న రైలు కొన్నిచోట్ల చుట్టు తిరిగి తన దారినే దాటుకుంటుంది, కొన్నిచోట్ల ముందుకు వెళ్లి వెనక్కి వచ్చి జెడ్ ఆకారంలో ఎక్కుతుంది. నీలగిరి రైలు పన్నెండున్నరకు ఒకటి వాలును పట్టాల నడుమ ఉన్న పళ్ల కడ్డీని పట్టుకొని ఎక్కుతుంది. నాకు అంత ఓపిక లేక మొదట సూటి దారినే పట్టుకున్నాను. మూడు గోడల వెంట 9 మీటర్ల పొడవున, 4 శాతం వాలుతో ఒక ర్యాంపు వేశాను.

సమతలం మీద పన్నెండు పెట్టెలను అవలీలగా లాగే ఇంజన్ ఆ ర్యాంపు మీద ఆరు పెట్టెలు దాటితే చాలు, చక్రాలు గిర్రున తిప్పుతూ నిలబడిపోయింది. అందులో వింత ఏమీ లేదు. ప్రతి ఒక్క శాతం వాలుకూ బండి బరువులో ఒక శాతం వెనక్కి లాగుతుంది, ఆ లాగుడులో ఇంజన్ సొంత బరువు వాటా కూడా ఉంటుంది. ఆరు పెట్టెలతో సరిపెట్టుకుందామని అనుకున్నాను. అసలు దెబ్బ ర్యాంపు పైకొసన తగిలింది. ఇంజన్ శిఖరం దాటి సమతలం మీదికి రాగానే దాని ముక్కు కిందికి వంగింది, తోక పైకి లేచింది, వెనుక పెట్టె కొక్కెం దాని కిందినుంచి జారిపోయింది. ఆరు పెట్టెలూ తొమ్మిది మీటర్లు వెనక్కి జారి, వేగం పుంజుకొని, యార్డులో నిలబెట్టి ఉన్న గూడ్సు వ్యాగన్ల మీదికి వెళ్లాయి. రెండు వ్యాగన్లు బల్ల మీదినుంచి కింద పడ్డాయి. ఇంజన్ మాత్రం ఏమీ ఎరగనట్టు పై స్టేషన్‌లోకి ఒంటరిగా చేరుకుంది.

మా నాన్నగారు రైల్వేలో పర్మనెంట్ వే విభాగంలో, అంటే పట్టాల నిర్వహణలో, పని చేసి రిటైరైనవారు. సాయంత్రం మిద్దె మీదికి వచ్చి, జరిగినదంతా విని, "వాలు ఎంతని అడగడం గాదురా, గ్రేడియంట్ పోస్టు యాడ పాతుతారో చెప్పు" అన్నారు. లైను పక్కన తెల్లటి స్తంభానికి రెండు చేతులుంటాయి, ఒక చేతి మీద వంద అనో నూటయాభై అనో అంకె, లేదా సమతలమైతే ఎల్ అనే అక్షరం ఉంటుంది. చిన్నప్పటి నుంచి రైలు కిటికీలోంచి చూస్తున్న స్తంభమే అయినా, అది వాలు ఉన్నచోట కాక వాలు మారే చోట ఉంటుందన్న సంగతి అంతవరకూ నా బుర్రకు ఎక్కలేదు. రెండు వాలుల మధ్య తేడా మీటరుకు 4 మిల్లీమీటర్లకు, అంటే 0.4 శాతానికి చేరితే, అక్కడ నిలువు వంపు, అంటే ఒక వాలు నుంచి మరో వాలుకు మెల్లగా మారే వంపు, వేసి తీరాలన్నది మన రైల్వే నియమం. నేను 4 శాతం తేడాను ఒకే ఒక్క అతుకులో పెట్టాను, పది రెట్లు అన్నమాట. ప్రధానం కాని బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కూడా ఆ నిలువు వంపు వ్యాసార్థం కనీసం 2,500 మీటర్లు ఉండాలి. దాన్ని 87తో భాగిస్తే నా గదిలో దాదాపు 29 మీటర్లు. భోర్ ఘాట్ పాటి వాలులోకి సమతలం నుంచి మారడానికి ఆ లెక్కన 75 సెంటీమీటర్లకు పైగా పొడవు కావాలి. కిందికొసన అంత, పైకొసన అంత.

ఆ రాత్రే ర్యాంపు విప్పేయాలని తీర్మానించుకున్నాను.

రెండో ప్రయత్నం హెలిక్స్. అంటే పట్టాను స్ప్రింగు చుట్టినట్టు ఒకే కేంద్రం చుట్టూ తిప్పుకుంటూ ఎక్కించడం. దీనికి కొర్లగుంట నుంచి ఒక వడ్రంగి ఆచారిని పిలిచాను. నేను కాగితం మీద గీసినది చూసి ఆయన, "సార్, ఇది చూస్తా ఉంటే స్ప్రింగు మాదిరుండాది. దీంట్లో రైలు పోతాదా?" అని అడిగారు. పోతుందని చెప్పాను, నాకూ అంత నమ్మకం లేదు. పట్టా మధ్యరేఖకు వ్యాసార్థం 55 సెంటీమీటర్లు, ఒక చుట్టు పొడవు సుమారు 3.46 మీటర్లు. ఒక చుట్టుకు 9 సెంటీమీటర్లు ఎక్కాలి, అంటే 2.6 శాతం. నాలుగు చుట్లతో 36 సెంటీమీటర్లు. ఆ 9 సెంటీమీటర్లలో 12 మిల్లీమీటర్లు ప్లైవుడ్‌కు పోతాయి, మరో 5 మిల్లీమీటర్లు పట్టాకు పోతాయి. మిగిలిన 73 మిల్లీమీటర్ల సందులోంచి బండి వెళ్లాలి, పడిపోతే నా చెయ్యీ వెళ్లాలి.

ప్లైవుడ్‌ను పూర్తి వలయాలుగా కోస్తే మధ్యలోని చెక్క అంతా వృథా అవుతుందని ఆచారి ఒప్పుకోలేదు. వృత్తంలో ఆరోవంతు ముక్కలుగా, ఒకదాని వంపులో ఒకటి ఇమిడేట్టు షీటు మీద గీసి, జిగ్‌సాతో కోశారు. అతుకు దగ్గర కింద మరో ముక్క వేసి బిగిస్తే సులువే కానీ, ఆ ముక్క మందం కింది చుట్టులో వెళ్లే బండి నెత్తికి తగులుతుంది. అందుకని రెండు కొసలనూ మందంలో సగం సగం చెక్కి, ఒకదాని మీద ఒకటి కూర్చి, జిగురు పెట్టి బిగించారు. చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియనంత నున్నగా వచ్చింది. నాలుగేళ్ల ఈ పనిలో నేను చూసిన అత్యంత చక్కని చేతిపని అదే, ఇప్పుడది అటక మీద ఉంది.

వలయాలను నిలబెట్టడానికి 8 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్లు లోపలి అంచున ఆరు, బయటి అంచున ఆరు పెట్టాం. ఒక్కో చోట చెక్కకు పైన ఒక నట్టు, కింద ఒక నట్టు. నాలుగు చుట్లకు 96 నట్లు. అరవై డిగ్రీలకు ఒక జత రాడ్లు కాబట్టి, ఒక జత నుంచి తరువాతి జతకు చెక్క సరిగ్గా 15 మిల్లీమీటర్లు ఎక్కాలి. ఈ రాడ్డు మరలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. నట్టును ఒక పూర్తి చుట్టు తిప్పితే చెక్క 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది, పావు చుట్టు తిప్పితే మిల్లీమీటరులో మూడోవంతు. స్పానర్ ఒక చేత, రసమట్టం ఒక చేత పట్టుకొని రెండు ఆదివారాలు ఆ 96 నట్ల చుట్టూ తిరిగాను. నాన్నగారు కుర్చీలో కూర్చొని, ఎక్కే దిక్కున కాదు, అడ్డంగా మట్టం చూడమని పదేపదే చెప్పేవారు. బయటి పట్టా లోపలి పట్టా కంటే ఒక్క మిల్లీమీటరు తగ్గినా వంపులో బండి ఒరుగుతుందని ఆయన భయం.

ఈసారి నిలువు వంపులు శ్రద్ధగా వేశాం. అందులో పెద్ద విద్య కూడా లేదు. యార్డు చెక్కనే కొయ్యకుండా హెలిక్స్‌లోకి పొడిగించి, దాని కొసను మెల్లగా పైకి ఎత్తితే ప్లైవుడ్ తనంతట తానే అందమైన వంపు తీసుకుంటుంది. అతుకు పెట్టి వాలు మార్చడం ఒకటి, చెక్కను వంచి వాలు మార్చడం ఒకటి. నా కొక్కేలు ఆ తరువాత కిందికొసన గానీ, పైకొసన గానీ ఒక్కసారి కూడా ఊడలేదు.

అయినా ఇంజన్ ఆరు పెట్టెలకు మించి లాగలేదు. వాలు 4 నుంచి 2.6కు తగ్గించాం కదా, ఇంకా ఆరేనా? వంపులో చక్రాల అంచులు పట్టాను రాసుకోవడం వల్ల వచ్చే లాగుడును నేను లెక్కలోకి తీసుకోలేదు. దీనికి హెచ్‌ఓ మోడలర్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. 32ను అంగుళాల్లోని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది అదనపు వాలు శాతం. నా 55 సెంటీమీటర్లు సుమారు 21.7 అంగుళాలు, భాగిస్తే దాదాపు ఒకటిన్నర. 2.6కు అది కలిపితే 4.1. ఇంత చెక్క కోసి, 96 నట్లు తిప్పి, మళ్లీ పాత ర్యాంపు దగ్గరికే చేరానన్నమాట. లెక్క ముందే చేసి ఉండాల్సింది.

ముందు రెండు ఇంజన్లు తగిలించి పది పెట్టెలు పెట్టాను. మూడో చుట్టులో, ఇంజన్ల వెనుకనే ఉన్న తేలిక పెట్టె తాడు లాగినట్టు లోపలికి ఒరిగి పడింది. ముందునుంచి ఇంజన్లు, వెనుకనుంచి తొమ్మిది పెట్టెల బరువు లాగుతుంటే, వంపులో మధ్యన ఉన్నది సూటి గీతలోకి రావాలని చూస్తుంది. బరువు లేనిదైతే వచ్చేస్తుంది. అమెరికా మోడలర్ల సంఘం సిఫారసు ప్రకారం 25 సెంటీమీటర్ల హెచ్‌ఓ పెట్టె 170 గ్రాముల దాకా ఉండాలి. నాది 120 ఉంది. ప్రతి పెట్టె అడుగునా సీసపు ముక్కలు అంటించాను. ఒరగడం ఆగింది కానీ బరువు పెరిగి లాగగల పెట్టెల సంఖ్య మళ్లీ తగ్గింది. దిగేటప్పుడు మరో తంటా. పెట్టెలన్నీ వెనుకనుంచి తోస్తుంటే ఇంజన్ గేర్లు పట్టి వదిలి, పట్టి వదిలి, బండి ఎక్కిళ్లు వచ్చినట్టు నడిచేది.

హెలిక్స్‌ను చివరికి విప్పించింది ఇవేవీ కావు, ఎండ. హెలిక్స్ లోపల పట్టా ఊడితే చెయ్యి పెట్టడం కష్టమని, అతుకులన్నిటినీ సోల్డర్ చేసి, నాలుగు చుట్లనూ ఏకపట్టాగా మార్చాను. 13.8 మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా, ఇరవై డిగ్రీల వేడి పెరిగితే నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. తిరుపతి మే నెలలో రేకుల కప్పు కింద మిద్దె గది ఉదయానికీ మధ్యాహ్నానికీ అంత తేడా చూపించడం మామూలే. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి పైకి వెళ్లి చూస్తే రెండో చుట్టులో పట్టా స్లీపర్లతో సహా చెక్క నుంచి లేచి, బయటివైపుకు పాములా మెలికపడి ఉంది. అసలు రైల్వేలో దీన్ని బక్లింగ్ అంటారు. నాన్నగారు చూసి ఏమీ అనలేదు. పట్టాల మధ్య సందులు వదలడం, వేసవిలో వాటిని కనిపెట్టుకొని ఉండడం ఆయన జీవితమంతా చేసిన పని, నేను ఆయన్ను అడగకుండానే సోల్డర్ పెట్టాను.

సందులు వదిలి మళ్లీ వేయవచ్చు. కానీ నాలుగడుగుల చదరాన్ని పూర్తిగా మింగేసి, బండిని ఒక నిమిషానికి పైగా కంటికి కనిపించకుండా దాచిపెట్టే ఆ కట్టడం ఈ గదికి పెద్దదన్న సంగతి అప్పటికే నాకు తెలిసిపోయింది. పెద్ద హాలు, పొడుగు బండ్లు ఉన్నవారికి ఇప్పటికీ హెలిక్స్ మేలని నా అభిప్రాయం. విప్పడానికి వచ్చిన ఆచారి, నట్లు ఊడదీస్తూ, "అంత చుట్టు తిరగడం యాల సార్, ఏతం ఎత్తినట్టు ఎత్తితే పోదా?" అన్నారు.

అలా పుట్టింది లిఫ్టు. 1.8 మీటర్ల పొడవున్న ఒక పలక, దాని మీద ఒక పట్టా, ఇంజనూ అయిదు పెట్టెలూ దాని మీద నిలబడతాయి. అల్మరా సొరుగులకు వేసే టెలిస్కోపిక్ చానెళ్లను గోడకు నిలువుగా బిగించి పలకను వాటి మీద జార్చాం. రెండు కొసలా రెండు లీడ్ స్క్రూలు, అంటే పొడుగాటి మర కడ్డీలు, రెండింటినీ ఒకే పళ్ల బెల్టు తిప్పుతుంది కాబట్టి పలక ఏ వైపుకూ ఒరగదు. స్క్రూ ఒక చుట్టు తిరిగితే పలక 8 మిల్లీమీటర్లు లేస్తుంది, జానెడున్నరకు 45 చుట్లు. స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది, ఒక్కో అడుగుకు పలక 0.04 మిల్లీమీటర్లు కదులుతుంది. పట్టాకు పట్టా కలవడానికి అంతకు మించిన సూక్ష్మం అక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే ఇంత వాలు మర ఉన్న స్క్రూ కరెంటు పోతే బరువుకు తనే వెనక్కి తిరుగుతుంది. కరెంటు పోయిన ఒక సాయంత్రం, బండితో సహా పలక బరువుగా నిట్టూరుస్తూ దిగిపోవడం చీకట్లో విన్నాను. ఆచారి ఏతం మాట అప్పుడు అక్కరకు వచ్చింది. గిలకల మీదుగా తాడు వేసి, అవతలి కొసన ఇసుక నింపిన డబ్బాలు వేలాడదీశాం. డబ్బాల బరువు పలక బరువుకు బండి బరువులో సగం కలిపినంత. ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా తేడా సగం బండే కాబట్టి, ఇప్పుడు పలక ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతుంది.

వాలు పోయింది, నిలువు వంపులు పోయాయి, వంపు రాపిడి పోయింది. మిగిలింది పలకకూ స్టేషన్‌కూ మధ్య ఉన్న అతుకు ఒక్కటే, ఇబ్బంది అంతా వచ్చి అందులో కూర్చుంది. వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుడు పై స్టేషన్‌లో ఇంజన్‌ను నడుపుతున్నాడు. పలక కింద ఉందన్న సంగతి వాడు చూడలేదు. ఇంజన్ పట్టా కొసను దాటి, ఒక్క క్షణం ముందు చక్రాలు గాలిలో తిప్పి, 126 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గచ్చు మీద పడింది. వాడు కంట్రోలర్ గుండీ ఇంకా పట్టుకొనే, "మామా, పట్టా అయిపోయింది" అన్నాడు. ముందు బోగీ (పెట్టె కాదు, చక్రాల చట్రం) గేరు పగిలింది, ఒక బఫరు ఎక్కడికి ఎగిరిపోయిందో ఇప్పటికీ దొరకలేదు. తప్పు వాడిది కాదు. అటువంటి చోట తప్పు చేయడానికి వీలు లేకుండా కట్టాల్సింది నేను.

అందుకు తలుపుల గడియలు వాడాను. పలక రెండు కొసలా రెండేసి ఇత్తడి గడియలు, ఎదురుగా స్టేషన్ చెక్కకు ఇత్తడి గొట్టాలు. గడియ గొట్టంలోకి దూరితే పట్టాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఎదురెదురుగా నిలబడతాయి. పట్టాలకు కరెంటు కూడా ఆ గడియల గుండానే వెళ్తుంది, ఒక్కో పట్టాకు ఒక్కో గడియ. పలకకు ముందున్న 40 సెంటీమీటర్ల పట్టాకూ కరెంటు అక్కడినుంచే. గడియ వేయకపోతే ఆ 40 సెంటీమీటర్లు చచ్చిన పట్టా, ఇంజన్ అక్కడే ఆగుతుంది. దీనిలోనూ ఒక లొసుగు బయటపడింది. లోపల దీపాలున్న పెట్టె రెండు బోగీల నుంచీ కరెంటు తీసుకుంటుంది. దాని వెనుక బోగీ ప్రాణమున్న పట్టా మీద, ముందు బోగీ చచ్చిన పట్టా మీద ఉన్నప్పుడు, అదే తీగలా మారి కరెంటును అవతలికి చేరవేసి, ఆగిన ఇంజన్‌ను మళ్లీ రెండు సెంటీమీటర్లు ముందుకు నెట్టింది. అందుకే ఇంజన్ వెనుక మొదటి పెట్టెగా ఇప్పుడు దీపాలు లేని లగేజీ పెట్టెనే తగిలిస్తున్నాను.

అతుకు దగ్గర పట్టా కొసలు కదలకుండా, చెక్కలోకి ఇత్తడి స్క్రూలు దింపి, వాటి తలల మీద పట్టాలను సోల్డర్ చేశాను, లోపలి అంచులను ఆకురాయితో కాస్త ఏటవాలుగా అరగదీశాను. 36 సెకన్లలో బండి పైకి వెళ్తుంది. గడియ వేసిన చప్పుడు, తరువాత ఇంజన్ మెల్లగా పై స్టేషన్‌లోకి జారుకునే చప్పుడు వింటూ నాన్నగారు ఇప్పుడు పేపరు చదువుకుంటున్నారు.

అతుకులో అర మిల్లీమీటరు సందు వదిలాను. ఉదయం, రాత్రి అది సరిగ్గా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు ఇటు పట్టా, అటు పట్టా సాగి, పలక పైకి వచ్చేసరికి ఒకదాన్నొకటి రాసుకొని ఇరుక్కుంటున్నాయి. ఇంకాస్త అరగదీద్దామంటే చలికాలంలో సందు పెద్దదై చక్రాలు దిగి కొట్టుకుంటాయి. నాన్నగారిని అడిగాను, ఈసారి ముందే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ఒక అట్టముక్క తెమ్మని, దాని మీద తన చేతివ్రాతతో రాసి పై స్టేషన్ పక్కన పెట్టారు: మే నెలలో మధ్యాహ్నం 1 గంట నుంచి 4 గంటల వరకు లైన్ బ్లాక్.